ఎండోమెట్రియోసిస్‌కి పథ్యం: ఏది పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

సంక్షిప్తంగా

తిండి మార్చినంత మాత్రాన గర్భాశయం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ గడ్డలు కరగవు. కానీ కడుపుబ్బరం, విరేచనమప్పుడు నొప్పి, మలబద్ధకం లాంటి బాధలు చాలామందిలో తగ్గుతాయి. ఇప్పటివరకు ఉన్నవాటిలో కాస్త గట్టి ఆధారం, పేగులో గ్యాస్ పుట్టించే కొన్ని రకాల చక్కెరలను తగ్గించే ‘తక్కువ ఫాడ్‌మ్యాప్’ ఆహారానికి ఉంది. గోధుమలు, పాలు అందరూ మానాలనడానికి సరైన ఆధారం లేదు. అన్నీ ఒకేసారి మానేస్తే ఏది మేలు చేసిందో తెలియదు, ఐరన్, కాల్షియం లోటు మాత్రం మిగులుతుంది. ఒక్కో మార్పునూ నెలసరి లెక్కతో కలిపి పరీక్షించుకోవడమే నమ్మదగిన పద్ధతి.

గందరగోళం ఎందుకు

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు పొర మీద, పేగుల మీద, మూత్రాశయం మీద గడ్డలుగా పెరగడమే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. ‘నెలసరి నొప్పి అందరికీ ఉండేదే’ అన్న మాట వింటూ ఏళ్లు గడిచిపోయాక గానీ చాలామందికి జబ్బు పేరు తెలియదు. తెలిశాక చేతిలో ఉండేవి నొప్పి మాత్రలు, హార్మోన్ మందులు, ఆపరేషన్. మందు ఆపితే నొప్పి తిరిగి రావచ్చు, ఆపరేషన్ తర్వాతా కొందరిలో గడ్డలు మళ్లీ పెరుగుతాయి. తమ చేతిలో ఉన్న మార్గం కోసం రోగులు వెతకడం సహజం. వంటగది ఆ చేతికి అందే దూరంలోనే ఉంటుంది.

ఇక్కడ రెండు మాటలు ఎదురెదురుగా వినిపిస్తాయి. ఎడిన్‌బరో పరిశోధకులు 2025లో ప్రచురించిన సర్వేలో రెండు వేలకు పైగా రోగులు పాల్గొన్నారు. ఆహారం మార్చి చూసినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది నొప్పి తగ్గిందన్నారు. మరోవైపు, యూరప్ సంతాన వైద్యుల సంఘం ఈష్రే 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు మాత్రం నొప్పి తగ్గించడానికి ఫలానా ఆహారం తినమని సిఫారసు చేసేంత ఆధారం లేదని తేల్చాయి.

నిజానికి ఈ రెండింటికీ పొత్తు కుదురుతుంది. సర్వేలో జవాబు చెప్పేది ఆ మార్పును తామే ఎంచుకున్నవాళ్లు. పోల్చి చూడటానికి ఆహారం మార్చని జట్టు అందులో ఉండదు. పైగా ఈ నొప్పి నెలనెలా హెచ్చుతగ్గులవుతూ ఉంటుంది. భరించలేని నెల వచ్చినప్పుడే ఎవరైనా పథ్యం మొదలుపెడతారు. ఆ తర్వాతి నెల ఏమీ చేయకపోయినా కొంత నయంగానే ఉండే అవకాశం ఎక్కువ. ఆ తగ్గుదల అంతా పథ్యం ఖాతాలో పడుతుంది. నమ్మకం వల్ల వచ్చే ఉపశమనమూ తక్కువది కాదు. అమెరికాలో 12 నుంచి 25 ఏళ్ల రోగుల మీద జరిగిన ఒక పరీక్షలో విటమిన్ డి వేసుకున్నవాళ్లకు నొప్పి బాగానే తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ దాదాపు అంతే తగ్గింది.

శరీరంలో తిండి పనిచేసే దారులు

మొదటి దారి ప్రోస్టాగ్లాండిన్లది. గడ్డల చుట్టూ వాపు పుట్టించి, గర్భాశయ కండరాన్ని బిగబట్టేలా చేసి, నరాలను రెచ్చగొట్టే రసాయనాలివి. కణాల పొరల్లో ఉండే అరాకిడోనిక్ ఆమ్లం అనే ఒమేగా-6 కొవ్వు నుంచి ఒక ఎంజైమ్ వీటిని తయారుచేస్తుంది. చేపల్లోని ఒమేగా-3 కొవ్వులు అదే ఎంజైమ్ కోసం పోటీపడి, కాస్త మెత్తని రకం రసాయనాలుగా మారతాయి. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఆ ఎంజైమ్‌నే నేరుగా అడ్డుకుంటాయి. అందుకే మాత్ర గంటలో పనిచేస్తే, చేపలు పనిచేయాలంటే కణాల పొరల్లో కొవ్వులు మారేదాకా వారాలు, నెలలు పడుతుంది.

రెండోది ఈస్ట్రోజెన్ దారి. ఈ గడ్డలు ఈస్ట్రోజెన్ మీద బతుకుతాయి. వాడిన ఈస్ట్రోజెన్‌కు కాలేయం ఒక చక్కెర అణువును తగిలించి పైత్యరసంతో పేగులోకి పంపేస్తుంది. పేగులోని కొన్ని బ్యాక్టీరియాలు ఆ ముడి విప్పేస్తే హార్మోన్ మళ్లీ రక్తంలోకి చేరుతుంది. పీచు ఎక్కువగా తిని మలం త్వరగా బయటికి పోతే ఇలా తిరిగి చేరేది తగ్గుతుందని అంచనా. అయితే గడ్డలు తమ ఈస్ట్రోజెన్‌ను తామే కొంత తయారుచేసుకోగలవు. దాన్ని తిండితో ఆపలేం. పీచుతో ‘హార్మోన్లు సమతుల్యం’ చేస్తామనే ప్రచారం ఈ సంగతి చెప్పదు.

మూడోది పేగుల దారి. ఎక్కువ మందికి పనికొచ్చేదీ ఇదే. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల్లో తేడా ఉండే పేగు సమస్య) లక్షణాలు మామూలు కంటే ఎక్కువ. గర్భాశయం, పేగులు, మూత్రాశయం పంపే నొప్పి సంకేతాలు వెన్నుపాములో దగ్గరదగ్గరి చోట్లకే చేరతాయి. ఒకచోట ఏళ్ల తరబడి నొప్పి ఉంటే పక్క అవయవాల నరాలూ సున్నితమైపోతాయి. అలాంటి పేగులో గ్యాస్ కాస్త చేరి గోడ సాగితే చాలు, ఇతరులకు ఉబ్బరం అనిపించేది వీళ్లకు కత్తిపోటులా ఉంటుంది. గ్యాస్‌ను తగ్గిస్తే గడ్డ ఉన్నచోటే ఉన్నా నొప్పి తగ్గేది అందుకే.

తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం, తెలుగు వంటిల్లు

చిన్నపేగులో సరిగా ఇంకని కొన్ని రకాల చక్కెరలకు కలిపి పెట్టిన పేరు ఫాడ్‌మ్యాప్. ఇవి పేగులోకి నీటిని లాగుతాయి, పెద్దపేగులో బ్యాక్టీరియాకు చిక్కి పులిసి గ్యాస్ అవుతాయి. వీటిని తగ్గించే పద్ధతిని రూపొందించింది ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం. అక్కడివాళ్లే 2025లో ఎండోమెట్రియోసిస్ రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రకటించారు. 35 మందికి వండిన భోజనం తామే ఇచ్చి, 28 రోజులు ఈ ఆహారం, మరో 28 రోజులు మామూలు ఆరోగ్యకరమైన ఆహారం తినిపించారు. తక్కువ ఫాడ్‌మ్యాప్ తిన్నప్పుడు 60 శాతం మందికి పేగు బాధలు గుర్తించదగినంత తగ్గాయి, రెండో ఆహారంతో 26 శాతం మందికే తగ్గాయి. చిన్న పరీక్షే. కానీ పోల్చి చూసిన పరీక్ష కావడంతో దీనికి విలువ ఉంది. ఇందులో ప్రధానంగా కొలిచింది పేగు బాధల్ని, గడ్డల సైజును కాదన్నది గుర్తుంచుకోవాలి.

తెలుగు ఇళ్లలో ఈ పథ్యం అన్నం దగ్గర తేలిక, పప్పు దగ్గర కష్టం. బియ్యంలో ఫాడ్‌మ్యాప్ దాదాపు లేదు. గుడ్లు, చేపలు, కోడిమాంసం, నెయ్యి, పల్లీలు, వంకాయ, దోసకాయ, క్యారెట్, బంగాళదుంప, పాలకూర, కమలా, బొప్పాయి, అనాస, దోర అరటిపండు సమస్య కావు. బెండకాయ మితంగా తినవచ్చు. ఇబ్బంది పెట్టేవి ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు, సెనగపప్పు, మినప్పప్పు, రాజ్మా, గోధుమ, పాలు, జీడిపప్పు, కాలీఫ్లవర్, మామిడి, సీతాఫలం, పుచ్చకాయ, ఆపిల్.

పథ్యం చెడేది ఎక్కువగా వెల్లుల్లి దగ్గరే. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు అనే ఫాడ్‌మ్యాప్ రకం చక్కెరలు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. నూనెలో రెబ్బలు వేయించి, తీసి పారేసి, ఆ నూనెతో తాలింపు పెడితే వాసన వస్తుంది, ఫ్రక్టాన్లు రావు. ఉల్లిముక్కలు వేసి మరిగించిన పులుసులో మాత్రం ముక్కలు ఏరేసినా లాభం లేదు, అప్పటికే రసంలోకి దిగిపోయి ఉంటాయి. ఆవకాయ, కారప్పొడి, కొన్న మసాలా పొడులు, ఇన్‌స్టంట్ నూడుల్స్ వీటిని కనిపించకుండా లోపలికి తెస్తాయి. ఉల్లికి బదులు ఉల్లికాడల ఆకుపచ్చ భాగం, చిటికెడు ఇంగువ వాడుకోవచ్చు. పొడి ఇంగువలో తరచుగా గోధుమపిండో మైదానో కలుపుతారు. చిటికెడుతో ఫాడ్‌మ్యాప్ పెరగదు గానీ, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్‌ను పూర్తిగా మానాల్సిన సీలియాక్ అనే పేగు జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డబ్బా మీద చూసి కొనాలి.

పప్పులోని చక్కెరలూ నీటిలో కరిగేవే. రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, ఎక్కువ నీటిలో ఉడికించి కట్టు వార్చేస్తే గణనీయంగా తగ్గుతాయి. అయితే వార్చిన ఆ కట్టుతోనే చారు కాచుకుంటే చేసిందంతా వృథా. మొదటి నాలుగు వారాలు ఉడికిన పెసరపప్పో ఎర్ర మసూరుపప్పో పావు కప్పుకు మించకుండా తింటే చాలామందికి పడుతుంది. ఇడ్లీ పిండి పులిసేటప్పుడు మినప్పప్పులోని చక్కెరల్లో కొంత ఖర్చయిపోతుంది. ఇడ్లీ పడినవాళ్లకు గారెలు పడకపోవడానికి కారణం అదే. ఇడ్లీ తిని ఉబ్బరం వచ్చినప్పుడు నేరం ఇడ్లీది కాకుండా పక్కనున్న సాంబారుది కావచ్చు.

ఈ పథ్యం జీవితాంతం చేసేది కాదు. నియమం రెండు నుంచి ఆరు వారాలే. నాలుగు వారాల్లో ఏ మార్పూ లేకపోతే ఆపేయాలి, బిగించి కొనసాగించకూడదు. ఎందుకంటే ఈ చక్కెరలే పేగులోని మేలు చేసే బ్యాక్టీరియాకు తిండి. నెలల తరబడి మానేస్తే వాటి సంఖ్య తగ్గుతుంది.

గోధుమలు, పాలు: ఆధారం ఎంత

గ్లూటెన్ మానాలన్న సలహాకు మూలంగా తరచూ చూపేది ఇటలీలో 2012లో వెలువడిన అధ్యయనం. 207 మంది ఏడాదిపాటు గ్లూటెన్ మానితే 75 శాతం మందికి నొప్పి తగ్గింది. పోల్చడానికి రెండో జట్టు లేదు. పైన చెప్పిన లోపాలన్నీ దీనికీ వర్తిస్తాయి. పైగా గోధుమ మానితే గ్లూటెన్‌తో పాటు ఫ్రక్టాన్లూ పోతాయి. నయం కావడానికి కారణం గ్లూటెన్ కాకపోవచ్చు. అది తెలుసుకోకుండా ఖరీదైన గ్లూటెన్ లేని బ్రెడ్డు కొనడం డబ్బు దండగ. గోధుమ మానేముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోవడం ముఖ్యం. మానేశాక ఆ పరీక్షలో జబ్బు ఉన్నా కనిపించకపోవచ్చు, మళ్లీ వారాల తరబడి గోధుమ తిని చేయించుకోవాల్సి వస్తుంది.

పాల సంగతి ఇంకా భిన్నం. అమెరికాలో 1989లో మొదలై లక్షకు పైగా నర్సులను ఏళ్ల తరబడి గమనించిన రెండో నర్సుల ఆరోగ్య అధ్యయనంలో పాల పదార్థాలు ఎక్కువగా తీసుకున్నవాళ్లకు ఎండోమెట్రియోసిస్ కాస్త తక్కువగానే వచ్చింది. పాలు జబ్బును పెంచుతాయనే మాటకు ఇది ఎదురు నిలుస్తుంది. కొందరికి పాలు పడకపోవడానికి అసలు కారణం పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర. దక్షిణాదిలో పెద్దవాళ్లలో లాక్టోజ్ అరగనివాళ్లు చాలామంది. గ్లాసు పాలలో, అంటే 200 మి.లీ.లో, సుమారు 10 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. బాగా తోడుకున్న పుల్లపెరుగులో అంతకంటే తక్కువ, పలుచటి మజ్జిగలో ఇంకా తక్కువ, నెయ్యిలో దాదాపు సున్నా. అందుకని పాలు పడనంత మాత్రాన పెరుగన్నం వదలాల్సిన అవసరం చాలామందికి ఉండదు.

నూనె, చేప, మాంసం

అదే నర్సుల అధ్యయనంలో ఒమేగా-3 అందరికంటే ఎక్కువగా తిన్న వర్గానికి జబ్బు నిర్ధారణ 22 శాతం తక్కువ, ట్రాన్స్‌ఫ్యాట్ ఎక్కువగా తిన్నవారికి 48 శాతం ఎక్కువ. ఎర్రమాంసం రోజుకు రెండుసార్లకు మించి తిన్నవాళ్లకు, వారానికి ఒకసారో అంతకంటే తక్కువో తిన్నవాళ్లతో పోలిస్తే 56 శాతం ఎక్కువ. ఈ అంకెల్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోకూడదు. ఇవి జబ్బు వచ్చే అవకాశం గురించి చెప్పేవి, వచ్చాక నొప్పి తగ్గడం గురించి కాదు. ఆదివారం వేటమాంసం తినే ఇంటికి, రోజుకు రెండు పూటలా ఎర్రమాంసం తినే అమెరికన్ ఇంటికి పోలికే లేదు. ట్రాన్స్‌ఫ్యాట్ మీద కూడా భారత్‌లో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో 2 శాతం పరిమితి ఉంది. బజ్జీల బండి దగ్గర పదేపదే మరిగే నూనె, పాత పద్ధతి బేకరీ సరుకు గురించి మాత్రం జాగ్రత్త అవసరం.

తీరప్రాంతంలో చవకగా దొరికే కానాగంతలు, కవళ్లు ఒమేగా-3కి మంచి వనరులు. వారానికి రెండు సార్లు, పులుసుగానో తక్కువ నూనెలోనో వండుకుంటే సరిపోతుంది. శాకాహారులకు అవిసెగింజలు ఉన్నాయి. చెంచాడు పొడిలో, అంటే 10 గ్రాముల్లో, సుమారు 2 గ్రాముల మొక్కల ఒమేగా-3 ఉంటుంది. శరీరం అందులో కొద్ది శాతాన్నే చేపల్లో ఉండే రకంగా మార్చుకోగలదు. గింజలు నమలకుండా మింగితే అలాగే బయటికి పోతాయి కాబట్టి వేయించి పొడి చేసుకోవాలి. సన్‌ఫ్లవర్ నూనెలో ఒమేగా-6 సగానికి పైనే. వేరుసెనగ నూనెలో దాదాపు మూడో వంతు. నూనె మార్చడం కంటే మొత్తం వాడకాన్ని తగ్గించడం తేలిక.

మాత్రల రూపంలో అమ్మే పసుపు సారం, యాంటీ ఆక్సిడెంట్ల విషయం ఇంకా తేలలేదు. విటమిన్ సి, ఇ పెద్ద మోతాదులో ఇచ్చిన చిన్న పరీక్షలో నొప్పి తగ్గింది గానీ, అంత మోతాదు విటమిన్ ఇ రక్తాన్ని పలుచబరుస్తుంది. గాఢమైన పసుపు సారం మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. కూరలో వేసే పసుపుకు ఆ భయం లేదు.

నెలసరి లెక్కతో పరీక్షించడం

సాధారణ ఫాడ్‌మ్యాప్ పట్టికలు నెలసరిని లెక్కలోకి తీసుకోవు. ఎండోమెట్రియోసిస్‌లో పథ్యం పరీక్షలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. నెలసరికి ముందు వారంలో ఏమి తిన్నా ఉబ్బరం వస్తుంది. ఆ వారంలో పాలు పరీక్షిస్తే పాలకు లేని నేరం అంటుకుంటుంది. నెలసరి ఆగిన మర్నాడు పరీక్షిస్తే పడని వస్తువు కూడా పడినట్టే కనిపిస్తుంది.

ముందు రెండు నెలసరులు ఏమీ మార్చకుండా రాసుకోవాలి: ఉదయం, రాత్రి నొప్పి సున్నా నుంచి పది వరకు, ఉబ్బరం, విరేచనం తీరు, రక్తస్రావం, వేసుకున్న మాత్రలు. మాత్రల లెక్క లేకపోతే మిగతా అంకెలకు అర్థం ఉండదు. రెండు మాత్రలు వేసుకున్నాక ఉన్న ఆరు, ఏ మాత్రా లేకుండా ఉన్న ఆరు ఒకటి కావు. తర్వాత ఒక్క మార్పు మాత్రమే మొదలుపెట్టి, కనీసం ఒక పూర్తి చక్రం ఉంచాలి. ఒమేగా-3 లాంటి నిదానంగా పనిచేసే మార్పుకు మూడు చక్రాలు. నొప్పి అంకె రెండు తగ్గినా, 30 శాతం తగ్గినా నిజమైన తగ్గుదలగా పరిశోధకులు లెక్కిస్తారు. అంతకంటే తక్కువైతే ఆ పథ్యం పడే కష్టానికి తగిన ఫలం కాదు.

ఆపినవాటిని తిరిగి చేర్చేటప్పుడు రక్తస్రావం ఆగాక వచ్చే పది పన్నెండు రోజులు అనువైనవి. ఒక రకాన్ని మూడు రోజులు పెంచుతూ తినాలి: పాలైతే పావు గ్లాసు, అర గ్లాసు, గ్లాసు. తర్వాత మూడు రోజులు విరామం. ఇలా ఒక చక్రంలో రెండు రకాలే తేలతాయి. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పప్పులు, పాలు, తీపి పండ్లు అన్నీ పూర్తికావడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఆపకుండా హార్మోన్ మాత్రలు వాడుతూ నెలసరి రానివాళ్లకు ఈ ఇబ్బంది లేదు. అండం విడుదలయ్యే రోజుల్లో నొప్పి వచ్చేవాళ్లు ఆ రెండు మూడు రోజులు వదిలేయాలి.

పీచు పెంచేటప్పుడూ తొందర పనికిరాదు. వారానికి ఐదు గ్రాముల చొప్పున, నీళ్లతో పాటు పెంచాలి. గోధుమ తవుడు ఉబ్బరం పెంచుతుంది. ఇసబ్‌గోల్ ఒక చెంచా నిండు గ్లాసు నీటితో తీసుకుంటే అంత గ్యాస్ రాదు. నీళ్లు చాలకపోతే అదే మలబద్ధకానికి కారణమవుతుంది.

పథ్యంతో వచ్చే నష్టం

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. నెలసరి రక్తస్రావం ఎక్కువగా ఉన్న స్త్రీ పప్పులు, మాంసం రెండూ మానేస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఎండోమెట్రియోసిస్ నీరసం అనుకున్నదాంట్లో కొంత భాగం ఐరన్ లోటే కావచ్చు. పథ్యం మొదలుపెట్టేముందు హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ కూడా చూపించుకోవాలి. భోజనానికి గంట అటూ ఇటూ కాఫీ, టీ తాగకపోవడం, అన్నంలో నిమ్మరసం పిండుకోవడం ఐరన్ ఒంటబట్టడానికి తోడ్పడతాయి. ఐరన్ మాత్రలు మలబద్ధకం తెస్తే పేగు నొప్పి పెరుగుతుంది. రోజు విడిచి రోజు వేసుకుంటే శోషణ మెరుగ్గా ఉంటుందని పరీక్షల్లో తేలింది కాబట్టి ఆ మార్పు గురించి డాక్టరును అడగవచ్చు.

కాల్షియం విషయం మరీ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ మందు, పథ్యం కలిసి ఒకే ఎముక మీద పడతాయి. ఈ జబ్బుకు ఇచ్చే ల్యూప్రోలైడ్ లాంటి హార్మోన్ ఇంజెక్షన్లు ఈస్ట్రోజెన్‌ను బాగా తగ్గించి ఎముక సాంద్రతను తగ్గిస్తాయి. అదే సమయంలో ‘వాపు తగ్గాలని’ పాలు, పెరుగు మానేస్తే నష్టం రెట్టింపవుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ స్త్రీలకు సూచించేది రోజుకు 1,000 మి.గ్రా. పాలలో 100 మి.లీ.కి సుమారు 120 మి.గ్రా. ఉంటే, రాగుల్లో 100 గ్రాములకు 364 మి.గ్రా. ఉంటుంది. ముళ్లతో సహా తినే నెత్తళ్లు, నువ్వులు కూడా ఉపయోగపడతాయి. నువ్వుల్లో ఉన్నదంతా ఒంటబట్టదు. ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లు పాలు మానాల్సి వస్తే ముందు డాక్టరుకు చెప్పి కాల్షియం మాత్రల సంగతి తేల్చుకోవాలి. బరువు తక్కువ ఉన్నవాళ్లు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, గతంలో తిండి విషయంలో మానసిక ఇబ్బంది పడినవాళ్లు డైటీషియన్ తోడు లేకుండా కఠిన పథ్యం చేయకూడదు.

పథ్యంతో ఆలస్యం చేయకూడనివి

నెలసరి రోజుల్లో మలంలో గానీ మూత్రంలో గానీ రక్తం కనిపించడం, జ్వరంతో పొత్తికడుపు నొప్పి, అకస్మాత్తుగా మెలిపెట్టినట్టు వచ్చే తీవ్రమైన నొప్పి, వాంతులతో పాటు మలం, గ్యాస్ రెండూ ఆగిపోవడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం ఇంట్లో పరీక్షించుకునేవి కావు. తిండి మార్చాక నొప్పి తగ్గినా, పేగుల మీదో మూత్రనాళాల మీదో గడ్డలున్నట్టు ముందే తేలినవాళ్లు స్కాన్లు ఆపకూడదు. మూత్రనాళం మెల్లగా మూసుకుపోతున్నా కొందరికి నొప్పి ఉండదు, కిడ్నీ వాచిన సంగతి అల్ట్రాసౌండ్‌లోనే బయటపడుతుంది.